డబ్బు ముందే కట్టాం, టమాటాలేమో మార్కెట్‌కు పోయాయి

మియాపూర్ దగ్గరి ఒక అపార్టుమెంటు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. సంతకం బదులు ‘నిద్ర పట్టని కూరగాయల కార్యదర్శి’ అని పెట్టారు. ఆరు పేజీలూ వేయడానికి చోటు లేదు కనుక సంగతి నా మాటల్లో చెబుతాను.

ఆవిడకు నలభై రెండేళ్ళు. ఇంట్లోంచే ఒక కంపెనీ లెక్కలు చూస్తారు. న్యూజెర్సీలో ఉన్న చెల్లెలు ఏటా ఎండాకాలం మొదలవకముందే ఒక తోటకు డబ్బు కట్టేసి, పంట ఉన్నన్నాళ్ళూ వారం వారం ఒక పెట్టె కూరగాయలు తెచ్చుకుంటుందట. అక్కడికి వెళ్ళినప్పుడు ఆ తోట చూసి మనసు పారేసుకుని వచ్చారు. చేవెళ్ల దాటాక రెండెకరాల్లో పురుగుమందులు కొట్టకుండా కూరగాయలు పండించే దంపతులు తెలిసినవాళ్ళ ద్వారా దొరికారు. అపార్టుమెంటులో 28 ఇళ్ళను ఒప్పించారు. మే నెలలో ఇంటికి 9,000 చొప్పున 2,52,000 రూపాయలు పోగుచేసి రైతు చేతిలో పెట్టారు. జూన్ నుంచి నవంబరు దాకా 26 ఆదివారాలు, వారానికి ఐదారు కిలోల కూరగాయలు, నాలుగైదు కట్టల ఆకుకూర. ఇదీ మాట. కాగితం మీద రాసుకున్నది లేదు, ఉన్నదంతా వాట్సాప్ మెసేజీల్లోనే.

మొదటి నెల అంతా తోటకూర, పాలకూర, గోంగూర, చుక్కకూర. “మేము మేకలమా” అని గ్రూపులో జోకులు. జూలైలో బెండ, సొర, బీర వచ్చాక గొడవ సద్దుమణిగింది. ఆగస్టులో వారం రోజులు వాన వదల్లేదు. బజార్లో టమాటా కిలో 80 అయిన ఆ వారమే పెట్టెలో టమాటాలు కిలో మాత్రమే వచ్చాయి. “వానకు దెబ్బ తిన్నాయి అక్కా” అన్నాడట రైతు. కానీ అంతకు ముందు గురువారం రాత్రి రైతు కొడుకు, ఇంటర్ చదివే పిల్లాడు, ఆటో ట్రాలీలో పేర్చిన టమాటా ట్రేల ఫొటో తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. బి-బ్లాకు పెద్దాయన ఒకరు ట్రేలు లెక్కబెట్టారు, పన్నెండు. స్క్రీన్‌షాట్ గ్రూపులోకి వచ్చింది. “మన డబ్బుతో పంట వేసి, మనకు కిలో విదిలించి, మిగతాది అమ్ముకున్నాడు” అన్నది ఆయన అభియోగం. ఐదు ఇళ్ళవాళ్ళు మిగతా డబ్బు వెనక్కి అడుగుతున్నారు. ఒకరు సేంద్రియమని సర్టిఫికెట్ ఏదీ అంటున్నారు. భర్తేమో “కొరివితో తల గోక్కున్నావు, ఆ ఐదుగురికీ మన జేబులోంచి ఇచ్చేసి వదిలించుకో” అంటున్నారు. ఈవిడ రెండు వారాలుగా రైతుకు ఫోన్ చేయలేదు. చేస్తే ఏం అడగాలో తెలియక.

చివరి పేజీలో ఇంకొకటి రాశారు. వాచ్‌మన్ భార్య ప్రతి ఆదివారం సెల్లారులో పెట్టెలు సర్దడానికి సాయం పడుతుంది. ఒకరోజు అడిగిందట: “మాకు గూడ ఇస్తరా అమ్మా? నెలకు ఐదు వందలైతే కడతం.” ఈవిడ “చూద్దాం” అన్నారు. అప్పటినుంచి ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. “అసలు ఇది డబ్బున్నవాళ్ళ సరదానా? నేను మోసపోయానా, మోసం చేశానా?” అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, ముందుగా టమాటాల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అది కనిపించినంత పెద్దది కాదు. ట్రేకు సుమారు 25 కిలోలు వేసుకుంటే పన్నెండు ట్రేలు 300 కిలోలు. ఆ 300 కిలోలూ మీ 28 ఇళ్ళకే పంచి ఉంటే ఇంటికి పది కిలోలు దాటేవి. ఎవరు తింటారు? బి-బ్లాకు పెద్దాయన కూడా తినరు. ఇంటికి మరో రెండు కిలోలు వచ్చి ఉంటే అందరూ సంతోషించేవారు. అంటే మొత్తం 56 కిలోలు. బజారు ధరకే కట్టినా ఇంటికి 160 రూపాయల తేడా. తొమ్మిది వేలు కట్టిన మనిషి 160 రూపాయల కోసం స్క్రీన్‌షాట్లు తీయడు. ‘నాకు చెప్పలేదు’ అన్నదే అక్కడి నొప్పి. ఆ నొప్పి న్యాయమైనదే. కాకపోతే దానికి మందు డబ్బు వాపసు కాదు.

మీ ఉత్తరంలోనే ఇంకో ఆధారం ఉంది, మీరు రాసి కూడా గమనించలేదు. ఫొటో గురువారం రాత్రిది. మీ పెట్టె ఆదివారం వస్తుంది. వారం వానలో నానిన టమాటా మీద పగుళ్ళు పడతాయి. పగిలిన పండును చెట్టు మీద ఉంచినా కుళ్ళుతుంది, కోసి గదిలో పెట్టినా మూడు రోజులు ఆగదు. బెండ, బీర, టమాటా వారంలో రెండు మూడు సార్లు కోతకు వస్తాయి. మీరు తీసుకునేది వారానికి ఒక్కరోజు. మిగతా రోజుల కోత ఎక్కడికి పోవాలి? మార్కెట్‌కే. ఇది అతన్ని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. అందులో బాగున్న అరవై కిలోలు ఏరి మీకోసం పక్కన పెట్టగలిగేవాడా, శుక్రవారం ఒకసారి తెచ్చి ఇస్తాను తీసుకుంటారా అని ఒక మెసేజ్ పెట్టగలిగేవాడా అంటే, పెట్టగలిగేవాడే. ‘దెబ్బ తిన్నాయి’ అని సగం నిజం చెప్పాడు. కానీ ఆ ఆదివారం పెట్టెలో సొర, బెండ, దోస కలిపి అయిదున్నర కిలోలు తూగాయని మీరే రాశారు. అతని లెక్కలో మాట తప్పలేదు. ఐదారు కిలోలు అన్నారు, ఇచ్చాడు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. మీరందరూ ‘సభ్యత్వం’ అని ఒకే మాట అన్నారు గానీ, ఒక్కొక్కరు ఒక్కో ఒప్పందంలో ఉన్నారు.

మీ ఇరుగుపొరుగువాళ్ళు అనుకున్నది పాల వాడిక లాంటిది. వాడికగా పోయించుకుంటాం, నెల డబ్బు ముందే ఇస్తాం, ఒకపూట పాలు రాకపోతే ఆ డబ్బు తగ్గించుకుంటాం. అందులో గేదె జబ్బు పడితే ఆ నష్టం పాలవాడిది.

రైతు అనుకున్నది అడ్వాన్సు. ముందు డబ్బిచ్చి పంటను కట్టేసుకోవడం మీ చెల్లెలు చెప్తేనే చేవెళ్లకు వచ్చిందనుకోకండి. మార్కెట్‌లో అడ్తిదారులు, అంటే కమీషన్ వ్యాపారులు, ఆ పని తాతల నాటి నుంచీ చేస్తున్నారు. మాది ఖమ్మం వైపు. మా నాన్న మిర్చి వేసేవాడు. విత్తనాలకు, ఎరువుకు, మా అక్క పెళ్ళికి, అన్నింటికీ ఒకే దుకాణం. పంట వచ్చాక బస్తాలు ఆ దుకాణానికే వెళ్ళాలి. ధర వాళ్ళు చెప్పిందే, అందులో కమీషను, ఆపైన వడ్డీ. వడగళ్ళ వాన పడ్డ ఏడాది దుకాణం యజమాని మంచి మాటలు చెప్పి, టీ తాగించి, బాకీని మరుసటి ఏడాదికి తిరగరాశాడు. నష్టం మాత్రం పూర్తిగా మాదే. అందుకే చెబుతున్నాను, సభ్యత్వంలోని విశేషం ముందు డబ్బివ్వడం కాదు. అది అడ్తిదారు కూడా ఇస్తాడు. పంట పోతే ఆ పోయిన దాంట్లో నీకూ వాటా ఉందా లేదా అన్నదొక్కటే రెంటినీ వేరు చేసేది.

మూడో ఒప్పందం మీ మనసులో ఉన్నది, న్యూజెర్సీ తోటది. అందులో కట్టేది కూరగాయల ధర కాదు, ఆ తోట ఒక పంటకాలం నడవడానికి అయ్యే ఖర్చులో ఒక వాటా. బెండకు పల్లాకు తెగులు వస్తే అందరికీ బెండ తగ్గుతుంది. సొర విరగకాస్తే అందరూ సొరకాయ తింటూ ఏడుస్తారు. అమెరికాలో ఇది 1986లో రెండు చోట్ల మొదలైంది, మసాచుసెట్స్‌లో ఇండియన్ లైన్ ఫామ్‌లోనూ, న్యూహాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫామ్‌లోనూ. అంతకు ముందే అలబామాలోని టస్కిగీ విద్యాలయంలో బుకర్ టి. వాట్లీ అనే నల్లజాతి వ్యవసాయ ఆచార్యుడు చిన్న రైతులకు ఇదే బోధించేవాడు. దళారీ కోసం ఎదురుచూడకండి, పట్నం జనాన్ని రుసుము కట్టే సభ్యులుగా చేర్చుకోండి, వాళ్ళనే తోటకు రప్పించి కోసుకోమనండి అని. జపాన్‌లో అయితే పిల్లల తిండిలో పురుగుమందుల గురించి బెంగపడ్డ తల్లులు రైతులతో నేరుగా కలిసి కట్టిన బృందాలున్నాయి. దాన్ని వాళ్ళు ‘తెయికెయ్’ అంటారు. 1971లో అక్కడ సేంద్రియ వ్యవసాయ సంఘం ఏర్పడింది, 1978లో ఈ బృందాలకు పది సూత్రాలు రాసుకున్నారు. ఆ పదింటిలో ఒకటి మీ గ్రూపులో అతికించదగ్గది: తోట పండించి పంపినదంతా సభ్యులు తీసుకోవాలి. ఇంకొకటి, ధర దగ్గర ఇద్దరూ పట్టూ విడుపూ చూపాలి. చూశారా, పది సూత్రాల్లో రెండు సరిగ్గా మీ టమాటాల మీదే ఉన్నాయి. అంటే ఈ తగాదా చేవెళ్లలో పుట్టింది కాదు.

మూడు ఒప్పందాల్లో ఏది మీదో మే నెలలో ఎవరూ అడగలేదు. మీరు అడగాల్సింది. లెక్కలు చూసే మనిషి, రెండున్నర లక్షలు చేతులు మారుతుంటే ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాయలేదంటే, స్నేహం మీద అంత నమ్మకం ఉండి ఉండాలి. కాగితం రాస్తే ఆ దంపతులు చిన్నబుచ్చుకుంటారని మీరు మొహమాటపడ్డారని నా అనుమానం. మోసపోయారా అంటే, నాకు అలా కనబడటం లేదు. మోసం చేశారా అంటే, అదీ లేదు. మీకు స్పష్టంగా కనిపించిన బొమ్మ ఎదుటివాళ్ళకూ కనిపిస్తోందనుకున్నారు.

ఇప్పుడేం చేయొచ్చో చూద్దాం. దారులు కొన్ని ఉన్నాయి, ఏదీ ఖర్చు లేనిది కాదు.

మీవారు చెప్పినట్టు ఐదు ఇళ్ళకు మీరే ఇచ్చేయొచ్చు. సగం వారాలు అయిపోయాయి కనుక ఇంటికి 4,500, మొత్తం 22,500. గ్రూపులో ఆ రాత్రికే ప్రశాంతత వస్తుంది. మరుసటి వారం ఆరో ఇల్లు అడుగుతుంది. ఏడోదీ అడుగుతుంది. అప్పటికి మీరు కార్యదర్శి కాదు, హామీదారు. పైగా మీరు మీ డబ్బు ఇచ్చారని రైతుకు తెలిస్తే అతను సిగ్గుపడతాడు, తెలియకపోతే నష్టమంటూ ఒకటి జరిగిందని కూడా అతనికి తెలియదు. రెండూ మంచివి కావు. నాకు ఈ దారి నచ్చలేదు, దాచను.

రైతునే వాపసు ఇమ్మనడం ఇంకోటి. ఆ డబ్బు ఎక్కడుందో మీరే రాశారు: బోరు మోటారు మళ్ళీ చుట్టించారు, పందిరికి రాతి కడీలు పాతారు, డ్రిప్పు పైపులు కొన్నారు. అంటే డబ్బు భూమిలో ఉంది. ఇప్పుడు తీసి ఇమ్మంటే అతను వెళ్ళేది ఏ దుకాణానికో మీకు తెలుసు. వదిలేద్దామనుకున్న అప్పులోకి మీరే మళ్ళీ పంపినట్టవుతుంది.

వెళ్ళిపోతామన్నవాళ్ళ వాటాలు వేరేవాళ్ళకు బదిలీ చేయడం కాస్త నెమ్మదిగా సాగే దారి. పక్క అపార్టుమెంటులో ఇద్దరు అడుగుతున్నారని మీరే రాశారు. కొత్తవాళ్ళు మిగతా 13 వారాలకు 4,500 కట్టి పాతవాళ్ళకు ఇస్తారు, రైతు మీద భారం పడదు. ఐదుగురికీ మనుషులు దొరక్కపోవచ్చు. దొరికేదాకా ఆగలేనివాళ్ళు ఎవరో కూడా తెలిసిపోతుంది. నా అనుభవంలో, వాటా వేరేవాళ్ళకు ఇస్తామనగానే ఐదుగురిలో ఇద్దరు “సరే, నవంబరు దాకా చూద్దాం” అంటారు.

అసలు ముందే కట్టడం మానేసి వారం వారం డబ్బిచ్చి తీసుకోవడం మరో దారి. ఇళ్ళకు హాయి. నచ్చితే కొంటాం, ఊరికెళ్తే మానేస్తాం. ఈ పని రైతు బజార్లు 1999 నుంచీ చేస్తూనే ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. కానీ విత్తనాలు కొనే మే నెలలో రైతు చేతిలో డబ్బుండదు, ఏ ఆదివారం ఎంతమంది తీసుకుంటారో తెలియకుండా మళ్ళు వేయాలి. అతనికి మీరు ఇంకో గిరాకీ అవుతారు, అంతే. దాంతో మీకు తృప్తి ఉంటుందా? మీ ఉత్తరం చదివితే ఉండదనిపించింది, కానీ మిగతా 27 ఇళ్ళకు ఉండొచ్చు. ఆ మాట వాళ్ళనే అడగాలి.

ఇక నేనైతే ఎటు మొగ్గుతానంటే, ఈ నవంబరు దాకా ఉన్న ఒప్పందాన్నే మరమ్మతు చేసుకోవడం. వారానికి ఇన్ని కిలోలు మనకు ఖాయం, అందులో ఇన్ని రకాలుండాలి, అంతకు మించి పండినది రైతు ఇష్టం వచ్చిన చోట అమ్ముకోవచ్చు. అయితే ధర చుక్కల్లో ఉన్న పంట మార్కెట్‌కు వెళ్ళేముందు మనకు ఒక మాట చెప్పాలి, ఇంటికి రెండు కిలోల దాకా మనకే ముందు. వాన, చీడ వల్ల పోయిన దాన్ని ఇరువైపులా భరించాలి, కానీ ఎంత పోయిందో ఫొటో తీసి పంపాలి. (ఫొటోలు తీయడంలో ఆ ఇంట్లో ఒక నిపుణుడు ఎలాగూ ఉన్నాడు. స్టేటస్ పెట్టినందుకు ఆ పిల్లాణ్ణి ఎవరూ ఏమీ అనకండి. తండ్రి పంట ట్రాలీ నిండా చూసి మురిసి పెట్టుకున్నాడు.) ఇదంతా ఒక పేజీ. ఇద్దరు సభ్యులు, ఆ భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టాలి. ఇద్దరూ అని ఎందుకన్నానంటే, కోత కోసి కట్టలు కట్టేది ఆవిడ. డబ్బు మాటలు మాట్లాడేటప్పుడు ఆవిడను లోపల టీ పెట్టడానికి పంపేస్తారు. అలా పంపనివ్వకండి.

దీనికీ ఖర్చుంది. మీరు నిజం అడిగితే నిజం వినాల్సి వస్తుంది. ఏ దుకాణంలోనైనా పాత బాకీ ఉందా, ఆ టమాటాలు అక్కడికే వెళ్ళాలా అని మీరు అడుగుతారు, అతను ఉందంటాడు, ఎంతో చెబుతాడు. విన్న తర్వాత అది మీకు సంబంధం లేని విషయంగా ఉండదు. తీర్చమని కాదు నేననేది. తెలిశాక, వచ్చే మే నెలలో వాటా ధర 9,000 అనాలా 10,000 అనాలా అనేటప్పుడు ఆ అంకె మీ కళ్ళ ముందు తిరుగుతుంది. కొందరు సభ్యులకు ఆ భారం అక్కర్లేదు, వాళ్ళను తప్పుపట్టలేం. కూరగాయలు కొనడానికి వచ్చి అప్పుల కథ వినాలని ఎవరూ అనుకోరు.

సర్టిఫికెట్ అడిగినావిడకు రెండు ముక్కలు చెప్పండి. పండించి నేరుగా తినేవాళ్ళకే అమ్ముకునే చిన్న రైతుకు, ఏడాదికి అమ్మకం 12 లక్షలు దాటకపోతే, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017 నిబంధనల్లో సేంద్రియ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. అయితే ధ్రువీకరణ ఉన్న సేంద్రియ సరుకు మీద వేసే జైవిక్ భారత్ గుర్తు వేసుకోకూడదు. కావాలంటే పీజీఎస్ పద్ధతి ఉంది, కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. మీ రైతు చుట్టుపక్కల మిగతా నలుగురు దొరకాలి మరి. అంతకన్నా దగ్గరి దారి, ఆవిడనే పొలానికి తీసుకెళ్ళి గట్టు మీద నడిపించడం.

ఇప్పుడు వాచ్‌మన్ భార్య మాట. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే.

“డబ్బున్నవాళ్ళ సరదానా” అన్నారు. ఆరు నెలల కూరగాయలకు ఒక్కసారి తొమ్మిది వేలు తీయగలిగినవాళ్ళకే తలుపు తెరిచి ఉంటే, అవును, అంతే. మీ చెల్లెలు ఉన్న దేశంలోనూ ఈ తలుపు దగ్గరే ఇబ్బంది. అక్కడ ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం కార్డుతో తోట పెట్టెకు డబ్బు కట్టొచ్చు గానీ, పెట్టె అందడానికి 14 రోజులకు మించి ముందుగా కట్టించుకోకూడదు. పేదవాళ్ళ తిండి డబ్బు పంట మీద పందెం కాకూడదని ఆ నియమం. ఎంత సబబైన నియమమో అంత అడ్డంకి కూడా, ఎందుకంటే తోటకు డబ్బు కావలసింది విత్తనాలప్పుడు. అందుకని టెంపుల్-విల్టన్‌లో ఇంకోలా చేశారు. ఏడాదికోసారి అందరూ కూర్చుంటారు. తోట ఖర్చు మొత్తం చదివి వినిపిస్తారు. ఎవరు ఎంత ఇవ్వగలరో వాళ్ళే చెప్పుకుంటారు. కూడినప్పుడు ఖర్చుకు సరిపోవాలి, సరిపోకపోతే మళ్ళీ అడుగుతారు. ఎక్కువ ఇచ్చినవాడికి ఎక్కువ వంకాయలు రావు.

అంత దూరం ఎందుకు, మీకు వంద కిలోమీటర్ల లోపే జహీరాబాద్ ఉంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు 1990లలో బీడు పడ్డ భూముల్ని మళ్ళీ సాగులోకి తెచ్చారు. సాగుకు తీసుకున్న అప్పును డబ్బుగా కాదు, జొన్నలుగా తిరిగి కట్టారు. ఆ జొన్నలతో ఊళ్ళోనే గింజల నిధి పెట్టారు. అందులోంచి లేనివాళ్ళకు తక్కువ ధరకు కార్డు మీద ఇచ్చారు. ఎవరు లేనివాళ్ళో తేల్చింది ఆఫీసులో కాదు, ఊరి జనమే కూర్చుని తేల్చారు. రేషన్ బియ్యం ఎక్కడినుంచో లారీలో రావడం వేరు, తమ చేలో పండిన జొన్న తమ ఊరి గాదె నుంచి రావడం వేరు. దానం ఇచ్చే చెయ్యి అక్కడ కనబడదు, ఆ గాదెలో పోసింది ఆ ఊరివాళ్ళే.

మీ అపార్టుమెంటుకు లెక్క వేద్దాం. నెలకు వాటా 1,500. ఆమె 500 కడతానంది. మిగిలిన 1,000 రూపాయలు 28 ఇళ్ళకు పంచితే ఇంటికి 36 రూపాయలు. ఒక టీ, ఒక సమోసా. ఇది చేయడం తేలిక, కానీ ఎలా చేస్తారన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. గ్రూపులో ఆమె పేరు పెట్టి “మన వాచ్‌మన్ కుటుంబానికి సాయం” అని చందా మెసేజ్ పెట్టారంటే, మరుసటి ఆదివారం ఆమె పెట్టెలు సర్దడానికి కూడా రాదు. ‘తక్కువ వాటాల నిధి’ అని ఒక పద్దు పెట్టి, ఎవరు వాడుకుంటున్నారో మీకు, రైతుకు తప్ప ఎవరికీ తెలియకుండా ఉంచండి. లోపల ఉన్న పాతిక ముప్ఫై ఇళ్ళలో ఉద్యోగం పోయినవాళ్ళు కూడా ఉంటారు, చెప్పరు. వాళ్ళకూ ఆ పద్దు పనికొస్తుంది.

ఇంకో మాట, ఆమె ఇప్పటికే ప్రతి ఆదివారం గంటసేపు పని చేస్తోంది. దానికి మీరు ఏమిస్తున్నారో ఉత్తరంలో లేదు. ఆ గంటను వాటాలో లెక్క కట్టొచ్చు, కొన్ని తోటలు పని చేసే సభ్యులను అలాగే చేర్చుకుంటాయి. దీనిలో ప్రమాదం ఏమిటంటే, డబ్బున్నవాళ్ళు డబ్బుతో, లేనివాళ్ళు చాకిరీతో అనే పాత మెట్లు మళ్ళీ కట్టినట్టవుతుంది. మా చిన్నప్పుడు కళ్ళంలో చాకలికీ మంగలికీ మేర, అంటే ఏడాది పనికి ఇచ్చే ధాన్యం, కొలిచేవారు. పంట తగ్గితే మేరా తగ్గేది, అదీ ఒక రకం భాగస్వామ్యమే అని మురిసిపోయేవాళ్ళున్నారు. కానీ కొలిచే చేయి ఎప్పుడూ ఒకరిదే. అందుకని పని వాటా పెడితే అందరికీ పెట్టండి. నెలకోసారి బి-బ్లాకు పెద్దాయన కూడా తోటకూర కట్టలు లెక్కబెట్టాలి, ఆయనకు లెక్కబెట్టడం బాగా వచ్చు కదా.

ఇవన్నీ చేసేముందు ఆమెను అడగండి, ఏం కావాలని. వారాంతపు అంగడిలో పొద్దుపోయాక సగం ధరకు దొరికేవి ఆమెకు తెలుసు. ఆమె ఇంట్లో ముందుగా కావలసినవి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, టమాటా, ఆలుగడ్డ. మీ పెట్టెలో మూడొంతులు ఆకుకూర, సొరకాయ. నాలుగు కట్టల కూరలు దాయడానికి ఆమె దగ్గర ఫ్రిజ్ ఉందో లేదో. చిన్న పిల్లలున్నారేమో, ఆకుకూరలే కావాలంటుందేమో. అర వాటా చాలంటుందేమో. మీ ‘చూద్దాం’ అన్న మాట దగ్గర ఆమె ఇంకా నిలబడే ఉంది.

మీ గురించి కూడా. మూడు నెలలుగా ఫోన్లు, డబ్బు, సెల్లారు, తిట్లు, అన్నీ మీరొక్కరే మోస్తున్నారు. జపాన్ బృందాల్లో పంచిపెట్టే పని చేసిన ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వెళ్ళేసరికి చాలా చోట్ల ఆ పని చేయడానికి మనిషి దొరకలేదు. ఉచితంగా ఒకరు చేసే పని మీద నిలబడ్డది ఆ ఒకరు అలసిపోతే ఆగిపోతుంది. ముగ్గురితో కమిటీ వేయండి, అందులో డబ్బు వెనక్కి అడుగుతున్న ఐదుగురిలో ఒకరిని తప్పకుండా పెట్టండి. కోపం ఉన్న మనిషి పొలం లెక్క అడిగితే అది అసలైన లెక్క అవుతుంది. నవంబరు తర్వాత మీరు తప్పుకోవాలనుకుంటే తప్పుకోండి. ఒక పంటకాలం మాట నిలబెట్టుకుని ముగించడం ఓడిపోవడమేమీ కాదు.

పొలానికి ఆదివారం వెళ్ళకండి, ఆ రోజు అందరూ పెట్టెల హడావుడిలో ఉంటారు. గురువారం వెళ్ళండి, కోత జరిగే రోజు. నలుగురికి మించి వద్దు. ‘ఎందుకు అమ్మారు’ అని మొదలుపెట్టకండి, ‘వానకు ఏమేం పోయాయి’ అని అడగండి, ట్రేల మాట అతనే ఎత్తుతాడు. ఎత్తకపోతే టీ అయ్యాక మీరు ఎత్తండి, ఫొటో చూశామని దాచకుండా చెప్పండి. సెల్లారులో అతని ఖాళీ ట్రేలు పదకొండు పేరుకుపోయాయని రాశారు కదా, వెళ్ళేటప్పుడు అవి డిక్కీలో వేసుకెళ్ళండి. అవి లేక అతను అద్దె ట్రేలు తెచ్చుకుంటూ ఉంటాడు.